దేవుడిచ్చిందని పెట్టిన పేరు

ఈ రోజుల్లో పిల్లలకి బొహ్దాన్ అనీ బొహ్దానా అనీ పేర్లు పెట్టుకుని మురిసిపోతున్నారు. మా భాషలో బొహ్ అంటే దేవుడు, దాన్ అంటే ఇచ్చిన. దేవుడిచ్చిన బిడ్డ అని అర్థం. క్యాలెండర్లో ఆ పేరుకి ఒక రోజు కూడా ఉంది. ఆ రోజున చుట్టాలు ఒక చేత్తో పూలు, ఒక చేత్తో సీసా పట్టుకుని పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. అర్థం బాగానే ఉంది, ఎవరు కాదన్నారు? కానీ ఓరవా కొండల్లో క్రివా లూకా అనే మా ఊళ్లో, మా నాన్నమ్మల కాలంలో ఆ పేరు మోసిన ఒకావిడ ఉండేది. ఆవిడ ముందు ఈ అర్థం చెప్పే ధైర్యం నాకైతే ఉండేది కాదు.

అప్పట్లో మా ఊళ్లో పేర్లంటే గుప్పెడు. మగపిల్లాడు పుడితే యాన్, యురాయ్, మార్టిన్. ఆడపిల్ల పుడితే అన్నా, జుజానా, కాతరీనా. సంతలో కళ్లు మూసుకుని రాయి విసిరినా ఏదో ఒక అన్నాకి తగిలేది. అందులోనూ ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ముసలమ్మ పోతే, ఆ తర్వాత ఆ రక్తంలో పుట్టిన మొదటి ఆడపిల్లకి ఆవిడ పేరు వచ్చేది. ఇది ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరూ తప్పనూ లేదు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకి మాత్రం ఈ పేర్లలో ఒక్కటీ దక్కేది కాదు. ఊళ్లో మరెవరికీ లేని పేరేదో ఫాదరు గారే వెతికి పెట్టేవారు. ఇక ఆ మనిషి గురించి ఎవరూ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే చాలు, కొత్తగా ఊళ్లోకొచ్చిన వాడికి కూడా సంగతి తెలిసిపోయేది.

క్రిస్తీనా అనే అమ్మాయి పిండిమరలో పనిచేసేది. మర యజమాని ఒంద్రెయ్. పెళ్లయినవాడు, చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. క్రిస్తీనాకి కడుపొచ్చింది. ఎవరి వల్లో ఊరంతటికీ తెలుసు, ఎవరూ అనరు. ఊరంతా ఆయన మరలోనే పిండి పట్టించుకోవాలి మరి. పిల్లని జ్ఞానస్నానానికి తెచ్చినప్పుడు ఫాదరు గారు చర్చి వసారాలోనే ఆపి అడిగారు.

"ఎవరిచ్చారు ఈ బిడ్డని?"

క్రిస్తీనా తరఫున వచ్చిన మంత్రసాని నేల చూపులు చూసింది.

"తల్లి చెప్పదు, నువ్వూ చెప్పవు. సరే, దేవుడే ఇచ్చాడని పెడదాం" అన్నారాయన. అక్కడున్న వాళ్లు నవ్వారు. ఫాదరు గారు కూడా నవ్వారని మా నాన్నమ్మ చెప్పేది. బొహ్దానాకి పేరు అలా వచ్చింది.

ఆ నవ్వు ఆ పిల్ల వెంట బడికి వెళ్లింది, గడ్డి కోతకి వెళ్లింది, చలికాలం సాయంత్రాలు ఆడపిల్లలంతా ఒకచోట చేరి నార వడికే ఇంటికీ వెళ్లింది. "బొహ్దానా, మీ దేవుడికి మీసాలున్నాయంట కదే?" అనేవాడు అక్కడికొచ్చిన కుర్రాడొకడు. "ఉన్నాయి రా, పిండి కూడా అంటుకుని ఉంటుంది" అనేవాడు ఇంకొకడు. ఆమె రాట్నం తిప్పుకుంటూ కూర్చునేది. ఏడిస్తే ఇంకా అంటారని అప్పటికే నేర్చుకుంది. తల్లి క్రిస్తీనా దగ్గుతో మంచం పట్టి పోయాక వాళ్లింట్లో వీళ్లింట్లో పనిచేసి పెరిగింది. పశువులు కాసింది, బంగాళదుంపలు తవ్వింది, పరాయి పిల్లల్ని ఎత్తుకుంది.

ఒంద్రెయ్ కూతురు వెరోనా ఆమెకన్నా కొంచెం పెద్దది. ఇద్దరికీ ఒకే నుదురు, ఒకే గడ్డం. ఆ పోలిక ఊరంతా చూసేది. వెరోనా ఏనాడూ ఆమెని ఎగతాళి చేయలేదు. ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోయేది, అంతే. అది మంచితనమని బొహ్దానా అనుకుంది. ఎగతాళి తప్ప ఇంకేమీ ఎరగని వాళ్లకి మౌనం కూడా మర్యాదలాగే కనిపిస్తుంది కాబోలు, పాపం.

ఆమెని చేసుకున్న మాతూష్ అడవిలో చెట్లు కొట్టే పని చేసేవాడు. మొదటి భార్య పోయింది. గొడ్డలి జారి ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. అతను పెళ్లి మాట అడిగిన తీరు ఊళ్లో చాలా కాలం చెప్పుకున్నారు. బావి దగ్గర బకెట్ అందుకుని అన్నాడట: "నీ పేరు నాకు నచ్చింది. ఇన్నేళ్లలో నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. దేవుడిచ్చాడని నేను కూడా ఒకసారి చెప్పుకోవాలని ఉంది." ఆ పేరు విని నవ్వకుండా మాట్లాడిన మొదటి మగవాడు అతనే. బొహ్దానా బకెట్ కూడా తీసుకోకుండా ఇంటికి నడిచింది. వారం తిరక్కుండా ఒప్పుకుంది.

అత్తగారు రొజాలియా నోరు మహా చెడ్డది, చెయ్యి మంచిది. తిడుతూనే వేడి పాలు కలిపి ఇచ్చే రకం. కోడలు నీళ్లోసుకుందని తెలిసిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఒకటే మాట నడిచింది.

"ఆడపిల్ల అయితే అన్నా" అంది బొహ్దానా.

"నా పేరేమైంది? నేను చచ్చేదాకా ఆగాలా?" అంది రొజాలియా.

"మీరు బతికుండగా మీ పేరెలా పెడతారత్తా? అన్నా అయితే ఎవరూ తిరిగి చూడరు. పిలిస్తే పది మంది పలుకుతారు. ఆ పది మందిలో ఒకతిగా ఉంటుంది నా కూతురు. నాకంతకన్నా ఏమీ వద్దు."

రొజాలియా కుండలో గరిటె తిప్పడం ఆపి కోడలి వంక చూసింది. "అన్నా అంటే మర ముసలమ్మ, అదే ఒంద్రెయ్ వాళ్లమ్మ పేరు కూడానే అమ్మాయ్. ఆవిడ పోయి ఇంకా ఎన్నాళ్లో కాలేదు."

"ఊళ్లో సగం మంది పేరు అదే కదత్తా."

నిజమే, సగం మంది పేరు అదే. అయినా ఆ ముసలమ్మ పోయాక ఒంద్రెయ్ రక్తంలో పుట్టబోయే మొదటి ఆడపిల్ల ఎవరో లెక్క తెలియనిదా బొహ్దానా? తనకలాంటి ఆలోచనే లేదని చనిపోయేదాకా చెప్పింది. సగం నమ్మబుద్ధి అవుతుంది నాకు. మిగతా సగం అయినా తప్పేముంది? పుట్టినప్పుడు దక్కనిది బిడ్డకైనా దక్కాలని ఏ తల్లికి ఉండదు?

బిడ్డ ఫిబ్రవరిలో పుట్టింది. ఆడపిల్ల, పీలగా ఉంది. కొండ మీంచి కోసే గాలి. ఇలాంటి బిడ్డకి వెంటనే జ్ఞానస్నానం చేయించాలి. లేకపోతే, పొరపాటున ఏదైనా జరిగితే, శ్మశానం గోడ బయట పూడ్చాలి. తల్లి మాత్రం వెళ్లకూడదు. బాలింత చర్చిలో శుద్ధి ప్రార్థన చేయించుకునేదాకా గడప దాటదు. గది మూలన మంచానికి తెల్లటి దుప్పటి తెరలా కట్టి, ఆ తెర వెనకే ఉంచుతారు. తండ్రి కూడా ఇంటి దగ్గరే, బిడ్డని మంత్రసాని తోడుగా చర్చికి తీసుకెళ్లేది జ్ఞానతల్లి. ఫాదరు గారికి పేరు చెప్పేదీ ఆవిడే. ఆవిడ నోట ఏ పేరొస్తే అదే ఆ బిడ్డ పేరు. జ్ఞానతల్లిగా ఉండమని ఎవరైనా అడిగితే కాదనకూడదు. కాదంటే పాపం.

"వెరోనాని అడుగు" అంది బొహ్దానా తెర వెనక నుంచి.

మాతూష్ బూట్లు వేసుకుంటున్నవాడల్లా ఆగాడు. "మర వెరోనానా? మతిపోయిందా నీకు?"

"ఆవిడ చేతుల మీద నా బిడ్డ చర్చికి వెళ్తే ఇంక ఊళ్లో ఒక్కడు నోరెత్తడు. మర వాళ్లే ఎత్తుకున్నాక ఎవడనగలడు?"

"వాళ్లు ఎత్తుకుంటారని నీకేం నమ్మకం?"

"ఆవిడ నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. నువ్వెళ్లి అడుగు. కాదనదు, కాదనకూడదు."

రొజాలియా పొయ్యి దగ్గర నుంచి, "ఇది తెలివో తిక్కో దేవుడికే తెలియాలి" అని గొణిగింది. మాతూష్ వెళ్లాడు. వెరోనా కాదనలేదు. పద్ధతి ప్రకారం బాలింతకి కోడి సూపు, ఎండుద్రాక్ష వేసిన రొట్టె పంపింది. కుండ మీద తెల్లటి గుడ్డ, గుడ్డ మీద ఎర్ర దారంతో అల్లిన పూలు. ఆ గుడ్డని బొహ్దానా చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అటువైపు నుంచి ఆమెకి అందిన మొదటి వస్తువు అదే.

ఆదివారం పొద్దున్నే మర గుర్రబ్బండి గుమ్మం ముందు ఆగింది. వెరోనా గొర్రెతోలు కోటులో, తలకి పట్టు రుమాలు కట్టుకుని లోపలికొచ్చింది. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఇంకా కడుపు పండలేదు. మంత్రసాని బిడ్డని చేతుల్లో పెడితే ఎలా పట్టుకోవాలో తెలియక భుజాలు బిగించింది. బొహ్దానా తెర కొంచెం పక్కకి జరిపింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు అంత దగ్గరగా చూసుకోవడం అదే మొదలు.

"పేరు అన్నా, వెరోనమ్మా" అంది బొహ్దానా.

"అన్నా" అంది వెరోనా. బిడ్డతో బయటికి నడిచింది. బండి గంటలు మోగుతూ దూరమయ్యాయి.

వాళ్లు వెళ్లి వచ్చేదాకా బొహ్దానా పడుకోలేదు. తెర వెనక మంచం మీద కూర్చుని గంట మోతకోసం చెవి ఒగ్గింది. రొజాలియా ఉడికించిన క్యాబేజీ, పొగబెట్టిన మాంసం, గొర్రె జున్ను బల్ల మీద సర్దుతూ ఉంది. మధ్యమధ్య "చలికి బిడ్డ నీలం తిరిగిందో ఏమో, పడుకోవే, నువ్వు కూర్చుంటే గుర్రం తొందరగా నడుస్తుందా" అని కసిరింది. బొహ్దానా పెదాలు మాత్రం కదులుతున్నాయి. అన్నా, అన్నా, ముద్దుగా పిలిస్తే అనిచ్కా. ఆ పేరుని నోట్లో ముద్దలా అటూ ఇటూ తిప్పుకుంటోంది.

బండి వచ్చింది. తలుపు తెరుచుకుంది. మంత్రసాని గుమ్మంలోనే నిలబడి అలవాటు ప్రకారం గట్టిగా చెప్పింది: "పేరు లేని పిల్లని పట్టుకెళ్లాం, దేవుడి బిడ్డని పట్టుకొచ్చాం!" ఇలా అన్నాక ఇంట్లో వాళ్లు పేరేమిటని అడగాలి. రొజాలియా చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఏమని పిలవాలమ్మా మరి?"

మంత్రసాని గొంతు తగ్గించింది. "బొహ్దానా."

"తల్లిది కాదే, బిడ్డది."

"బిడ్డదే. వెరోనమ్మ అలాగే చెప్పింది. ఫాదరు గారు నీళ్లు పోసేశారు. రెండోసారి అడిగారు కూడా, అదేనా అని. అదే అంది."

వెరోనా లోపలికి రాలేదు. బండి దిగకుండానే గుర్రాన్ని అదిలించమంది. విందు ఎవరూ ముట్టలేదు. కాసేపటికి రొజాలియా తెర ఎత్తి చూసింది. బొహ్దానా బిడ్డని ఒళ్లో పెట్టుకుని, ఎదుటి గోడ వంక చూస్తూ ఉంది.

"ఏడువ్వే" అంది రొజాలియా. "పాలు ఎండిపోతాయి, ఏడువు."

"ఇదేం పాపం చేసిందత్తా?" అంది బొహ్దానా. "నాకు పెట్టినప్పుడు మా అమ్మకి మొగుడు లేడు. దీనికి తండ్రి ఉన్నాడు కదా. గుమ్మం బయట నిలబడి ఉన్నాడు కదా."

ఒకసారి పోసిన నీళ్లు వెనక్కి తీసుకునేది లేదు. జ్ఞానస్నానం రెండోసారి చేయరు. ఊరు మాత్రం మహా ఆనందించింది. "ఆ ఇంటికి దేవుడు రెండోసారి వచ్చి వెళ్లాడట" అని సారా కొట్లో ఒకటే నవ్వులు. మాతూష్ ఒకడి పళ్లు రాలగొట్టాడు. ఉన్న మూడు వేళ్లతోనే. అంతటితో నవ్వులు ఆగలేదు, అతని ముందు నవ్వడం ఆగింది.

ఆ ఇంట్లో ఆ బిడ్డని ఎవరూ బొహ్దానా అని పిలవలేదు. తల్లి ఒప్పుకోలేదు. అనిచ్కా అనే పిలిచింది. మాతూష్ కూడా అదే పిలుపు. రొజాలియా మొదట్లో దెబ్బలాడింది: "ఫాదరు గారు పోసింది దేవుడి నీళ్లు. నువ్వు గరిటెతో పోసేది ఎసట్లో నీళ్లు. ఏది నిలుస్తుందే?" అని. తర్వాత్తర్వాత ఆవిడ కూడా నోరు తిరిగి అనిచ్కా అనడం మొదలుపెట్టింది. బయటివాళ్ల నోట ఇంకో పేరు వినకూడదని బొహ్దానా పిల్లని తిరునాళ్లకి తీసుకెళ్లలేదు, బావి దగ్గరికి తీసుకెళ్లలేదు, చర్చిలో పూజకి తీసుకెళ్తే చివర నిలబడి అందరికన్నా ముందే వచ్చేసేది. ఇరుగుపొరుగు గుమ్మంలోకొస్తే పిల్లని వెనక గదిలోకి తోసేది. అలా ఆ పిల్ల తన పేరేమిటో తనకి తెలియకుండానే మూడో ఏట పడింది. నల్లటి జుట్టు, ఉంగరాల జుట్టు. నాన్న చేతికి వేళ్లు లేని చోట పట్టుకుని "ఇవి ఎక్కడికెళ్లాయి?" అని రోజూ అడిగేది. "అడవిలో పని చేస్తున్నాయి, సాయంత్రం వస్తాయి" అనేవాడు మాతూష్. ఆ ఇంట్లో ఆ రెండేళ్లూ నవ్వులున్నాయి. బొహ్దానా తన జీవితంలో తలెత్తి తిరిగిన కాలమంటూ ఉంటే అదే.

ఆ చలికాలం ఊళ్లోకి కంఠసర్పి వచ్చింది. ముందు కింది వీధిలో ఇద్దరు పిల్లలు పోయారు. తర్వాత అనిచ్కాకి జ్వరం తగిలింది. గొంతులో తెల్లటి పొర కట్టింది. మింగడానికి లేదు, ఊపిరి ఈల వేస్తోంది. డాక్టరు కొండ అవతల పట్నంలో ఉంటాడు. కనుమ మంచుతో మూసుకుపోయింది. అయినా మాతూష్ కర్ర పట్టుకుని బయల్దేరాడు. ఎవరు ఆపినా ఆగలేదు.

రొజాలియా వేడి ఉప్పు మూటలు కట్టింది, పంది కొవ్వు రాసింది, తనకి తెలిసిందంతా చేసింది. మర్నాడు మధ్యాహ్నానికి పిల్ల గోళ్లు నల్లబడ్డాయి. బొహ్దానా మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థిస్తోంది. "అనిచ్కాని కాపాడు తల్లీ, అనిచ్కాని కాపాడు."

రొజాలియా ఇక ఉండబట్టలేకపోయింది. కోడలి భుజం పట్టుకుని ఊపింది.

"ఎవరే అనిచ్కా? పైన అలాంటి పిల్ల ఎవరూ లేరే! నీళ్లు పోసినప్పుడు ఏ పేరు పలికారో అదే తెలుసు వాళ్లకి. నువ్వు అడిగే పిల్ల ఎవరో తెలియక వెతుక్కుంటూ ఉంటారు. పేరు పెట్టి అడగవే. పేరు పెట్టి పిలవవే దాన్ని, నీకు దణ్ణం పెడతాను!"

మా ఊళ్లో అందరూ నమ్మే మాటే అది. బొహ్దానా కూడా నమ్మేది. నమ్ముతూనే ఇన్నాళ్లూ పంతం పట్టింది. ఇప్పుడు ఆ పంతమే బిడ్డ ఊపిరికి అడ్డం పడిందేమో అనిపించింది. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ తల్లికీ వద్దు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ పేరుని పుట్టినప్పటి నుంచీ ఇంకొకళ్ల నోటే విన్నది. తన నోటితో ఇంకొకరిని అలా ఎప్పుడూ పిలవలేదు.

"నీ వల్ల కాకపోతే నేనే పిలుస్తా" అని రొజాలియా మంచం మీదికి వంగింది. "బొహ్దానా! బొహ్దానా, తల్లీ, ఇటు చూడు! బొహ్దానా!"

పిల్ల కళ్లు తెరిచింది. నాన్నమ్మ వైపు చూడలేదు. కష్టపడి తల తిప్పి తల్లి వైపు చూసింది. చెయ్యి దుప్పటి మీద కొంచెం జరిగి మంచం పక్కనే ఉన్న తల్లి తలగుడ్డ కొస పట్టుకుంది. ఈల వేసే గొంతుతో అంది:

"అమ్మా... నాన్నమ్మ పిలుస్తోంది నిన్ను."

అదే చివరి మాట. మాతూష్ డాక్టర్ని వెంటపెట్టుకుని వచ్చేసరికి పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, చావింట్లో కప్పినట్టు అద్దానికి గుడ్డ కప్పి ఉంది.

బిడ్డ పోతే సాగనంపే బట్టలు, తలకి పూలకిరీటం జ్ఞానతల్లే తేవాలి. అదీ పద్ధతే. జ్ఞానస్నానం నాటి నుంచీ ఆ గడప తొక్కని వెరోనా మర్నాడు పొద్దున్న మూట పట్టుకుని వచ్చింది. తెల్లటి చొక్కా, మైనపు పూల కిరీటం. గదిలో బొహ్దానా ఒక్కతే బిడ్డ దగ్గర ఉంది. వెరోనా మూట విప్పలేదు. గుమ్మం దగ్గరే మోకాళ్ల మీద కూలబడింది.

"నన్ను తిట్టు" అంది.

బొహ్దానా బిడ్డ జుట్టు దువ్వుతోంది. చిక్కులు నొప్పి పుట్టకుండా తీస్తోంది.

"ఆ పేరు నా కూతురిదనుకున్నాను" అంది వెరోనా. "ఎనిమిదేళ్లు దాచిపెట్టుకున్నాను, మా నాన్నమ్మ పేరని. ఆ రోజు బిడ్డతో వెళ్తుంటే మర దగ్గర నాన్న బండి ఆపి అడిగాడు, ఏం పేరు పెడుతున్నారని. అన్నా అని చెప్పాను. టోపీ తీసేశాడు. నా ముందే టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు, కళ్లనిండా నీళ్లు. నా పెళ్లికి కూడా తడవని కళ్లు అవి. దారి పొడుగునా నాకు అదే. ఈ మనవరాలికి ఏడుస్తాడు, నాకు కడుపు పండలేదని ఒక్కసారి ఏడవలేదు అని. ఫాదరు గారు అడిగేసరికి నోట్లోంచి అదొచ్చింది. రెండోసారి అడిగినప్పుడు మార్చుకోవచ్చు. మార్చలేదు."

"తెలుసు రెండోసారి అడిగారని" అంది బొహ్దానా.

"చెల్లీ..."

దువ్వెన ఆగింది.

"ఆ మాట ఇవాళ అనకు" అంది బొహ్దానా. గొంతు పెంచలేదు. "నువ్వు అనాల్సిన రోజున రోడ్డు దాటి వెళ్లావు. నేను అది మర్యాద అనుకున్నా, నా బుద్ధి అలాంటిది. నీకు కడుపు మండింది, నాకు అర్థమవుతుంది. కానీ చూడు, నేను దీన్ని ఇంట్లో ఒక పేరుతో దాచాను, నువ్వు ఊళ్లో ఇంకో పేరుతో పడేశావు. చివరికి పిలిస్తే, తననే పిలుస్తున్నారని కూడా దానికి తెలియలేదు. నేను దగ్గర కూర్చుని ఉండగా ఒంటరిగా పోయింది. చొక్కా ఇలా ఇవ్వు. బిగుసుకుపోకముందే వెయ్యాలి."

ఇద్దరూ కలిసే వేశారు. ఒకరు చెయ్యి ఎత్తితే ఒకరు దూర్చారు.

చిన్న తెల్ల పెట్టెని వాకిట్లో రెండు కుర్చీల మీద పెట్టారు. ఊరంతా వచ్చింది. ఇలాంటప్పుడు ముందు తల్లే శోకం ఎత్తుకోవాలి, బిడ్డని పేరు పెట్టి పిలవాలి. తల్లి పిలిచాకే మిగతా ఆడవాళ్లు గొంతు కలుపుతారు. ఆమె ఏ పేరుతో పిలుస్తుందో అని అందరూ ఎదురుచూస్తున్నారు. ఇంట్లో పిలుపు సంగతి తెలియనివాళ్లెవరు? మాతూష్ టోపీ నలుపుతూ నేల చూస్తున్నాడు. మంచు సన్నగా పడుతోంది. బొహ్దానా పెట్టె అంచు పట్టుకుని చాలాసేపు నిలబడింది. అనిచ్కా అని నోటిదాకా వచ్చింది. బతికున్నన్నాళ్లూ బిడ్డ పలికింది ఆ పేరుకే. కానీ ఇప్పుడు పోతున్న చోట ఆ పేరుకి ఎవరూ తలుపు తీయరు. తన పంతం కోసం బిడ్డని అక్కడ కూడా బయట నిలబెట్టడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

"బొహ్దానా!" అని పిలిచింది. "నా బొహ్దానా! నా తల్లీ!"

వాకిలంతా ఒక్కసారి ఘొల్లుమంది. "బొహ్దానా! ఓ బొహ్దానా! దేవుడిచ్చిన బంగారమా, ఎక్కడికి పోతున్నావమ్మా!" ముసలివాళ్లు, పడుచువాళ్లు, రాట్నాల దగ్గర ఆమెని చూసి ముసిముసిగా నవ్విన వాళ్లు, పిండి మీసాల మాటలు చెప్పుకున్న వాళ్ల పెళ్లాలు, అందరూ గుండెలు బాదుకుంటూ ఆ పేరే పిలిచారు. వెరోనా గొంతు అందరికన్నా పైన వినిపించింది. ఒక్కరి పెదవి మీద కూడా నవ్వు లేదు.

బొహ్దానా ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. మళ్లీ పిల్లలు కలగలేదు. ఒంద్రెయ్ పోయాడు, రొజాలియా పోయింది, చెట్టు మీద పడి మాతూష్ పోయాడు. మనుషులు ఆమెని తర్వాత ఏమీ అనలేదు, బిడ్డ పోయిందిగా. బిడ్డని సాగనంపిన రోజు సంగతి ఆమె ఒక్క మా అమ్మతోనే, అదీ ఒక్కసారే చెప్పింది. ఇద్దరూ బంగాళదుంపలు చెక్కుకుంటూ ఉన్నారు.

"వాళ్లంతా అలా పిలుస్తుంటే నాకేమనిపించిందో తెలుసా?" అందట. "పుట్టినప్పటి నుంచీ అంతమంది నోట నా పేరు అంత ముద్దుగా వినలేదు నేను. ఎంత బాగుంది నా పేరు అనుకున్నాను. పెట్టెలో నా బిడ్డ ఉంది. నేను నా పేరు విని సంతోషపడ్డాను. ఒక్క క్షణమే అనుకో. కానీ పడ్డాను."

బొహ్దానా ఇంకో దుంప తీసుకుని చెక్కడం మొదలుపెట్టింది.